పటానికి తెలియని వాల్వులు

వీధిలో మంచినీటి గొట్టం పగిలితే నీళ్లు ఆపడానికి ఏయే వాల్వులు మూయాలో కంప్యూటరే చెబుతుందని నీటి సరఫరా సంస్థలకు పాతికేళ్లుగా నమ్మబలికి అమ్ముతున్నారు. చెబుతుంది, కాదనను. అది చెప్పింది తప్పని తేలిన రోజున జరిగే తంతు మీదే నా కోపమంతా. "సాఫ్ట్‌వేరు సరిగా పనిచేయడం లేదు" అన్న ఒక్క వాక్యంతో ఆ తంతు మొదలవుతుంది. కొత్త వెర్షను కొనుగోలుతోనో, కొత్త కన్సల్టెంటు నియామకంతోనో ముగుస్తుంది. నడుమ ఎవరూ రోడ్డు మీదికి వెళ్లి ఒక్క ఇనుప మూత ఎత్తి చూడరు. ఇరవయ్యేళ్లకు పైగా ఈ పటాల మధ్యనే పొట్టపోసుకున్నవాడిగా నేననేది ఇది: ఈ వ్యవహారంలో సాఫ్ట్‌వేరు దాదాపు ఎప్పుడూ నిర్దోషి. అబద్ధమాడేది పటం. పటం చేత అబద్ధమాడించేది దానికి మనం డబ్బు చెల్లించే పద్ధతి. నిజం తెలిసిన మనిషేమో భుజాన ఇనుప రాడ్డు వేసుకుని అదే వీధిలో తిరుగుతున్న కాంట్రాక్టు లైన్‌మన్. ఆయన్ను అడిగే నాథుడు లేడు.

ముందుగా మాట గురించి ఒక మాట. వాల్వును "కవాటం" అనాలని నాకూ తెలుసు. గుండె కవాటాలను గురించి పాఠ్యపుస్తకాల్లో చదువుకున్నవాళ్లమే కదా. కానీ రాత్రి రెండింటికి మోకాటి లోతు నీళ్లలో నిలబడి దాన్ని తిప్పే మనిషి వాల్వనే అంటాడు. ఆయన పక్షాన రాస్తున్నప్పుడు ఆయన మాట వాడడమే న్యాయం.

పొలానికి నీళ్లు పెట్టినవాళ్లకు అసలు సంగతి వివరించనక్కరలేదు. ఏ మడవ కడితే ఏ మడికి నీళ్లు ఆగుతాయో రైతు గట్టు మీద నిలబడి చెప్పేస్తాడు, కాలువ కంటికి కనిపిస్తోంది కాబట్టి. నగరంలో కాలువ భూమిలోపల ఉంది. అందువల్ల పటం గీసుకుని దాని మీద కంప్యూటరును నడిపిస్తాం. పగిలిన చోటునుంచి అది గొట్టం వెంబడి అన్ని దిక్కులకూ నడుస్తుంది. వాల్వు ఎదురైన ప్రతిచోటా ఆగుతుంది. అలా ఆగిన వాల్వుల జాబితానూ, వాటి నడుమ చిక్కుకున్న ఇళ్ల జాబితానూ మన చేతిలో పెడుతుంది. వాల్వులు మూసి విడదీయగలిగిన అతి చిన్న ముక్కకు "సెగ్మెంటు" అన్న పేరుతో, ఒక నగరపు నీటి వ్యవస్థ ఎంత నమ్మదగినదో ఆ ముక్కలను బట్టి చూడాలని టామ్ వాల్‌స్కీ అనే అమెరికన్ ఇంజినీరు 1993లో వాదించాడు. ఎన్ని కిలోమీటర్ల గొట్టం వేశామన్నది గొప్ప కాదు, ఒకచోట పగిలితే ఎంతమందికి నీళ్లు ఆగుతాయన్నదే కొలత. మన మంత్రివర్యుల ప్రారంభోత్సవ ప్రసంగాల్లో కిలోమీటర్లు తప్ప మరొకటి వినపడకపోవడం వేరే విషయం.

ఈ నడకలో గొప్ప గణితమేమీ లేదు. దారి ఉంటే పోతుంది, లేకుంటే ఆగుతుంది. చీమకున్నంత తెలివి చాలు. కనుక అది తప్పు చోట ఆగిందంటే, ఆగకూడని చోట దారి తెగి ఉన్నదన్నమాట. ఆగవలసిన చోట ఆగలేదంటే, అక్కడ మనం అడ్డం పెట్టలేదన్నమాట. చీమను తిట్టి ప్రయోజనం ఏముంది?

ఆ దారులు ఎలా తయారయ్యాయో కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో మన తెలుగువాళ్ల చేయి ఉంది. 1990ల చివరినుంచి హైదరాబాదులో అమెరికా, ఐరోపా నగరాల నీటి పటాలను, గ్యాసు పటాలను, కరెంటు పటాలను కాగితంనుంచి కంప్యూటరుకు ఎక్కించే పని విస్తారంగా సాగింది. డిగ్రీ పూర్తిచేసి షిఫ్టుల్లో కూర్చుని, తాము ఎన్నడూ కాలుపెట్టని ఊళ్ల వీధుల కింద గొట్టాలు గీసినవాళ్లు మనలో ఎంతోమంది. వాళ్లు గీసినదాన్ని సరిచూసే బల్ల దగ్గర నేను కొన్నేళ్లు కూర్చున్నాను. అక్కడ చూసిందే చెబుతున్నాను.

పాత కాగితపు పటాల్లో వాల్వు గుర్తు చాలాసార్లు గొట్టం మీద ఉండదు, పక్కన ఉంటుంది. పాత డ్రాఫ్ట్స్‌మన్ మర్యాదస్తుడు. గొట్టం సైజు, వేసిన సంవత్సరం రాసిన అంకెల మీద గుర్తు పడితే చదివేవాడికి ఇబ్బంది అవుతుందని కాస్త జరిపి గీశాడు. ఆ పటం మనిషి కోసం గీసింది. మనిషి చూడగానే ఆ వాల్వు ఆ గొట్టానిదేనని గ్రహిస్తాడు. మన కుర్రవాడికి ఇచ్చిన షరతు మాత్రం "ఉన్నది ఉన్నట్టు దించాలి" అని. ఉన్నది ఉన్నట్టే దించాడు. కంప్యూటరు దృష్టిలో ఇప్పుడది ఏ గొట్టానికీ చెందని వాల్వు. నడక దాన్ని చూడకుండా దాటిపోతుంది. జాబితాలో మూడు వాల్వులు రావలసిన చోట ముప్పై వస్తాయి. నలభై ఇళ్లకు బదులు నాలుగు వేల ఇళ్లకు నీళ్లు ఆపమంటుంది. ఆ కుర్రవాడికి దక్కిన చెల్లింపు గీసిన గీతల లెక్కన. ఆ గీతలు ఒకదానికొకటి తగిలాయా లేదా అన్నదానికి లెక్కా లేదు, పైసా లేదు. ఇప్పటికీ మన పురపాలక సంఘాలు పిలిచే టెండర్లలో నేను చూసినంతలో కిలోమీటరుకు ఇంత అనే ధరే.

దీనికి ఎదురు జబ్బు ఇంకా ప్రమాదం. రెండు గొట్టాల కొసలు తెర మీద కలిసినట్టే ఉంటాయి. బాగా పెద్దది చేసి చూస్తే నడుమ బెత్తెడు సందు. నడక ఆ సందు దగ్గర దారి అయిపోయిందనుకుని ఆగిపోతుంది. జాబితాలో రెండే వాల్వులు వస్తాయి. ముచ్చటైన జాబితా. ఆ రెండూ మూసి గుంత తవ్వితే మూడో దిక్కునుంచి నీళ్లు వస్తూనే ఉంటాయి, గుంతలో మనుషులుండగా. జాబితా చాంతాడంత వస్తే ఎవరికైనా అనుమానం కలుగుతుంది. పొట్టిగా వస్తే అందరూ సంతోషిస్తారు. అందుకే నేను పొట్టి జాబితాలనే ముందుగా అనుమానిస్తాను. పటం చేతికి రాగానే నగరంలోని ముక్కలన్నిటికీ తలా ఒక రంగు వేయించి, మరీ పెద్ద ముక్కలతో పాటు మరీ చిన్న ముక్కల మీద కూడా వేలుపెట్టి అడుగుతాను.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. వేర్వేరు లోతుల్లో ఒకదానిపైగా ఒకటి పోయే గొట్టాలకు పటంలో ముడిపడితే నడక ఒకదానిలోంచి ఇంకోదానిలోకి దూకుతుంది. నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, ఏది ట్యాంకో ఏది పంపో గుర్తించకపోతే కొన్ని సాఫ్ట్‌వేర్లు అసలు అడుగే కదపవు. అదీ "పనిచేయడం లేదు" ఖాతాలోకే పోతుంది. వాల్వు అన్న పేరున్న ప్రతిదాన్నీ నీళ్లాపే వాల్వుగా లెక్కగట్టడం మరో ఘనకార్యం. ఎయిర్ వాల్వు గొట్టంలో చేరిన గాలిని వదలడానికి. స్కవర్ వాల్వు అడుగున చేరిన మడ్డిని బయటికి పంపడానికి. నాన్ రిటర్న్ వాల్వు ఒక దిక్కుకే అడ్డం. ఇవి మూసి నీళ్లు ఆపమన్న జాబితాను పట్టుకుని వెళ్లిన లైన్‌మన్ మనల్ని ఎంత గౌరవిస్తాడో ఊహించుకోవచ్చు.

ఇంత చెప్పాక కొందరు పండితులు లేచి, "ఇదంతా ఒక్క మీటతో సరిచేయవచ్చు" అంటారు. ఇంత దూరంలోపు ఉన్న కొసలన్నీ అతికించు, ఇంత దూరంలోపు ఉన్న వాల్వులన్నీ దగ్గరి గొట్టం మీదికి లాగు అని కంప్యూటరుకు ఆజ్ఞ ఇస్తే చాలునట. తప్పులున్నాయన్న ఎర్ర గుర్తులు ఆ సాయంత్రానికే మాయమవుతాయి, నిజమే. మన వీధుల్లో ఏముందో ఒకసారి తలచుకోండి. పాత పోతఇనుప గొట్టం ఒకటి, దాన్ని వదిలేసి పక్కనే వేసిన కొత్త గొట్టం ఒకటి, పెద్ద ట్యాంకుకు పోయే మెయిన్ ఒకటి, మూడూ కలిపి రెండు మీటర్ల లోపల. చేతి ఫోనుతో వాల్వు స్థానం నమోదు చేస్తే మూడు నాలుగు మీటర్ల తేడా మామూలు. మేడల నడుమ ఇరుకు సందులో ఇంకా ఎక్కువ. ఆ వాల్వును "దగ్గరి గొట్టం" మీదికి లాగితే అది ఏ గొట్టం మీద కూర్చుంటుంది? మునుపు పటానికి ఒక సంగతి తెలియదు, తెలియదని ఎర్ర గుర్తుతో ఒప్పుకునేది. ఇప్పుడు ధైర్యంగా తప్పు చెబుతుంది. ఎర్ర గుర్తు ఒక్కటీ లేని పటం చూపించి బిల్లు పెట్టుకునే కాంట్రాక్టరును నేను దొంగ అనే అంటాను.

పోనీ గీతలన్నీ సరిగ్గా తగిలాయనుకుందాం. వాల్వు స్థితి మాటేమిటి? పటంలో ఆ గడిలో "తెరిచి ఉంది" అని ఉంటుంది, సర్వే చేసిన రోజున అందరికీ కలిపి నింపిన మాట. ఆ వాల్వు మీదుగా మూడుసార్లు తారు పోసి ఉంటారు. స్పిండిలు విరిగి తిప్పితే వట్టినే తిరుగుతూ ఉంటుంది. మూడేళ్ల కిందట మరమ్మతు కోసం మూసి, తెరవడం మరిచి ఉంటారు. ఆ వీధివాళ్లు అప్పటినుంచీ నీళ్లు సన్నగా వస్తున్నాయని అర్జీలు పెడుతూనే ఉంటారు. గేటు వాల్వుకు ఎన్ని చుట్లు తిప్పాలన్నదానికి పనివాళ్లకు ఒక బండ లెక్క ఉంది: అంగుళాల సైజును మూడుతో గుణించి రెండో మూడో కలపాలి. ఎనిమిది అంగుళాల వాల్వుకు ఇరవయ్యారు, ఇరవయ్యేడు చుట్లు. పద్నాలుగు దగ్గరే బిగిసిందంటే అది మూసుకున్నట్టు కాదు, లోపల మడ్డి చేరినట్టు. ఎటు తిప్పాలన్నదీ సమస్యే. అమెరికాలోనే కొన్ని ఊళ్లలో ఎడమకు తిప్పితే తెరుచుకుంటుంది, కొన్ని ఊళ్లలో కుడికి. ఇవన్నీ పటంలో ఒక్కో గడి మాత్రమే. ఆ గడి నింపగలిగిన మనిషి ఆఫీసులో ఉండడు.

ఇది మన దేశపు దరిద్రమని తేల్చేసేవాళ్లకు రెండు మాటలు. 2014 జూలై 29న లాస్ ఏంజెలెస్‌లో సన్‌సెట్ బూలెవార్డ్ కింద 1921 నాటి గొట్టం పగిలింది. సుమారు 2 కోట్ల గ్యాలన్ల నీరు వీధిపాలై, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం ఆవరణను, అక్కడి పాలీ పెవిలియన్ క్రీడాస్థలాన్ని ముంచింది. నీటిని ఆపడానికి మూడు గంటలకు పైగా పట్టింది. సాయంకాలపు ట్రాఫిక్కు ఒక కారణం, పెద్ద వాల్వులను గబుక్కున మూయరాదన్నది మరొకటి. పరుగెత్తే నీరు ఒక్కసారిగా ఆగితే ఆ తాకిడికి గొట్టం ఇంకోచోట పగులుతుంది. మనవాళ్లు ఎందరో స్థిరపడిన అట్లాంటాలో 2024 మే 31న పెద్ద మెయిన్లు పగిలి నగరంలో చాలా భాగం రోజుల తరబడి అవస్థపడింది. ఆ తరువాతే అక్కడ వాల్వులన్నీ ఎక్కడున్నాయో, తిరుగుతున్నాయో లేదో వెతికి చూసే పని ఊపందుకుంది. డబ్బున్నవాళ్ల దగ్గర కూడా పటం తనంతట తాను నిజం చెప్పదు.

మనకు ప్రత్యేకమైన చిక్కు ఇంకొకటుంది. ఈ సాఫ్ట్‌వేర్లన్నీ కుళాయి తిప్పితే ఎప్పుడైనా నీళ్లొచ్చే ఊళ్ల కోసం పుట్టాయి. అక్కడ వాల్వు మామూలుగా తెరిచే ఉంటుంది, ఆపదవేళ మూస్తారు. మన ఊళ్లలో నల్లా రోజుకో గంట, రెండు రోజులకో గంట. తెల్లవారి నాలుగింటికి ఈ కాలనీకి వదలాలి, ఐదున్నరకు కట్టేసి ఆ బస్తీకి మళ్లించాలి. ఒక్కో లైన్‌మన్ పదులకొద్దీ వాల్వులు రోజూ తిప్పుతాడు. "తెరిచి ఉందా, మూసి ఉందా" అన్న గడికి ఇక్కడ అర్థమే లేదు, ఉన్నది టైంటేబులు. పైకి దిగుమతి చేసుకున్న నమూనాలో ఆ టైంటేబులుకు చోటే లేదు, లైన్‌మన్ జేబులోని చిన్న నోటు పుస్తకంలో ఉంది. 2015లో మొదలైన అమృత్ పథకం కింద, 2021లో వచ్చిన దాని రెండో విడత కింద, పటాల మాట ఎంతో వినిపించింది. ఆ నోటు పుస్తకాన్ని పటంలోకి ఎక్కించమన్న షరతును నేనింతవరకూ ఏ టెండరులోనూ చూడలేదు.

ఒక వీధి తవ్వకానికి ఇంత ఆవేశమెందుకంటారేమో. గొట్టం ఖాళీ అయినప్పుడు లోపల ఒత్తిడి ఉండదు. పక్కనే పారే మురుగు, పగుళ్లలోంచి, వదులైన అతుకుల్లోంచి లోనికి చేరుతుంది. నీళ్లు తిరిగి వదలగానే ఆ మురుగే మొదటి బిందెలోకి వస్తుంది. కాబట్టి అవసరానికి మించి పది వాల్వులు మూయించిన తప్పుడు జాబితా కేవలం అసౌకర్యం కాదు, పది వీధులకు జబ్బును ఆహ్వానించడం. 2009 మేలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో, 2018 మార్చిలో గుంటూరులో కలుషితమైన తాగునీటి వల్ల మనుషులు చచ్చిపోయారు. సరైన పటం ఉంటే ఆ ప్రాణాలు నిలిచేవని నేననను. అలా అనడానికి నా దగ్గర ఆధారం లేదు. కానీ అటువంటి రోజున అందరికంటే ముందు అడగవలసిన ప్రశ్నలు రెండే. ఈ ఇళ్లన్నీ ఏ గొట్టం నీళ్లు తాగుతున్నాయి? మిగతా ఊరికి పాకకుండా ఏ వాల్వు మూయాలి? రెండింటికీ జవాబు ఈ నడకే. ఆ క్షణాన పటాన్ని నమ్మవచ్చునో లేదో మనకు తెలియకపోతే, ఉన్నా లేనట్టే.

1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ కలరా కథ అందరూ చెబుతారు, జాన్ స్నో పటం గీసి పంపు పిడి తీయించాడని. నిజానికి పిడి తీసింది ఆ సెప్టెంబరు 8న. పేరుమోసిన పటం ఆ తరువాత వచ్చింది. పిడి తీయించింది ఆయన ఇంటింటికీ తిరిగి, మీరు ఏ పంపు నీళ్లు తాగారని అడిగిన ప్రశ్న. మన పటాల అధికారులు ఈ కథను తమ ప్రదర్శనల్లో మొదటి బొమ్మగా వాడుకుంటారు, ఆ అడగడాన్ని మాత్రం వదిలేసి.

అవతలి పక్షం వాదన కూడా వినాలి. "లైన్‌మన్‌కు అంతా తెలుసు, పటమెందుకు?" అనే భావుకులున్నారు. మన పల్లెల్లో చెరువు తూము తెరిచి ఏ ఆయకట్టుకు ఎంత నీరు పోవాలో చూసుకున్న నీరటి వారసుడు ఇతనే కదా అంటారు. పోలిక నాకూ ఇష్టమే. కానీ ఇతనికి తెలిసింది తన వార్డు. పక్క వార్డు కాదు. కాంట్రాక్టు మారితే, రేపు ఇతను ఉండడు. పైగా, పైసలు పుచ్చుకుని ఒక కాలనీకి అరగంట ఎక్కువ వదిలే లైన్‌మన్లు లేరని నేను ప్రమాణం చేయలేను. తెలిసింది తలలోనే దాచుకుంటే అది ఆయనకు ఆస్తి. ఆ ఆస్తిని ఊరికే పటంలోకి వదిలేయమని, నెలల తరబడి జీతం బకాయి పెట్టిన మనిషిని ఏ ముఖంతో అడుగుతాం? నేను పనిచేసిన ఒక పట్టణంలో సర్వే బృందం వెంట వారం రోజులు తిరిగి ప్రతి మూతా చూపించిన లైన్‌మన్‌కు ఒక్క రోజు కూలీ కూడా ఇవ్వలేదు. ఆయన చూపించిన వాల్వులతో తయారైన పటానికి కాంట్రాక్టరు పూర్తి బిల్లు తీసుకున్నాడు. రెండో ఏడు మళ్లీ బృందం వస్తే ఆయన "నాకు తెలియదు సార్" అన్నాడు. నేనైనా అదే అంటాను.

కనుక నా డిమాండ్లు పెద్దవేమీ కావు. పటానికి కిలోమీటర్ల లెక్కన డబ్బు ఇవ్వడం మానాలి. చీటీ తీసి నగరంలో కొన్ని చోట్లు ఎంచాలి. అక్కడ గొట్టం పగిలిందనుకుని పటాన్ని జాబితా అడగాలి. నీటి వేళలో ఆ జాబితాలోని వాల్వులే, అవి మాత్రమే మూసి, నడుమ ఉన్న ఇంటి కుళాయి తిప్పాలి. నీరు ఆగితే సరి. జాబితా అవతలి ఇంట్లో కూడా ఆగితే తప్పు. ఎక్కడా ఆగకపోతే ఇంకా తప్పు. తప్పిన చోటుకు బిల్లు లేదు. ఆ పరీక్షకు ఆ వార్డు లైన్‌మన్‌ను సాక్షిగా కాదు, పరీక్షకుడిగా పిలిచి రోజు భత్యం ఇవ్వాలి. ఆయన "ఇది తప్పు" అన్నది మర్నాటికల్లా పటంలోకి ఎక్కాలి, చివరిసారి తిప్పిన తేదీతో, ఎన్ని చుట్లకు బిగిసిందో ఆ అంకెతో. ఖర్చు ఎక్కువంటారు. కొత్త లైసెన్సులకు చెల్లించే సొమ్ములో చిన్న భాగంతో ఒక వార్డు పూర్తవుతుందని నా అంచనా.

మీ ఊళ్లో సంగతి మీరే తెలుసుకోవచ్చు. 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మూడు ప్రశ్నలు అడగండి: మా వార్డులో వాల్వులెన్ని, వాటిలో తిరిగేవెన్ని, ప్రతిదాన్నీ చివరిసారి ఎప్పుడు తిప్పి చూశారు. నేను ఒక పట్టణానికి ఈ మూడూ రాసి పంపాను. మొదటిదానికి చక్కని రంగుల పటం జతచేసి, వాల్వుల సంఖ్య ఒకట్ల స్థానం దాకా ఇచ్చారు. రెండోదానికి "అన్నియు పనిచేయుచున్నవి" అని రాశారు. మూడోదానికి సమాచారం అందుబాటులో లేదన్నారు. అప్పీలుకు వెళ్లాను.